అరక్కోణం డ్రోన్లు, నెల్లూరు తీరం: నేపథ్యం

2024 సెప్టెంబర్ 18న చెన్నైకి ఎదురుగా బంగాళాఖాతంలో నౌకాదళం వాడుతున్న నిఘా డ్రోన్ ఒకటి పడిపోయింది. సాంకేతిక లోపం రావడంతో దాన్ని సముద్రంలోనే దింపేశారు. పేరు ఎంక్యూ-9బీ సీగార్డియన్. తమిళనాడులోని అరక్కోణం స్థావరం, ఐఎన్ఎస్ రాజాళి నుంచి ఎగిరేది. పెళ్లిళ్లలో ఫొటోలు తీసే డ్రోన్, వరికి మందు కొట్టే డ్రోన్ మనకు తెలుసు. ఇది ఆ కోవలోది కాదు. రెక్కల వెడల్పు 24 మీటర్లు, బరువు నిండుగా ఉంటే 5,600 కిలోల పైమాటే. 40 వేల అడుగుల ఎత్తులో 30 గంటలకు పైగా ఉండగలదు. అలాంటిదానికి అరక్కోణం నుంచి నెల్లూరు తీరం ఒక దూరమే కాదు.

కార్గిల్ తర్వాత మన సైన్యాలు ఇజ్రాయెల్ సెర్చర్, హెరాన్ డ్రోన్ల మీద ఎక్కువగా ఆధారపడ్డాయి. చైనాతో గల్వాన్ ఘర్షణ జరిగిన 2020లోనే అమెరికా కంపెనీ జనరల్ అటామిక్స్ నుంచి రెండు సీగార్డియన్లను నౌకాదళం లీజుకు తెచ్చుకుంది. 2024 అక్టోబర్ 15న 31 డ్రోన్లు కొనే ఒప్పందం కుదిరింది. 15 నౌకాదళానికి, ఎనిమిదేసి చొప్పున సైన్యానికి, వాయుసేనకు.

ఈ డ్రోన్ల అవసరం లేదని నేననను. 2008లో ముంబై మీద దాడి చేసినవాళ్లు సముద్రం మీదుగానే వచ్చారు. ఆ తర్వాత తీరమంతా మెరైన్ పోలీస్ స్టేషన్లు పెరిగాయి, మత్స్యకారులకు బయోమెట్రిక్ కార్డులు వచ్చాయి. ఇంకో సంగతి కూడా ఉంది. తమిళనాడు వైపు నుంచి వచ్చే సోనాబోట్లు (పెద్ద మర పడవలు) ఒడ్డుకు దగ్గరగా వలలు లాగేసి, మనవాళ్ల వలలు తెంచేసి పోతున్నాయని నెల్లూరు మత్స్యకారులు ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. పైనుంచి అన్నీ కనిపించే కన్ను ఉంటే, ముందుగా అది చూడాలని వాళ్లు కోరుకోవడం న్యాయమే.

భయమల్లా, ఒక పనికి తెచ్చినది ఇంకో పనికి మళ్లడం గురించి. 1995లో బాల్కన్లలో అమెరికా ప్రెడేటర్ డ్రోన్ చూడటానికే ఎగిరింది. 2001 నాటికి దానికి క్షిపణులు తగిలించారు. దాని తర్వాతి తరం రీపర్ 2021 ఆగస్టు 29న కాబూల్‌లో జరిపిన దాడిలో పదిమంది పౌరులు చనిపోయారు, వాళ్లలో ఏడుగురు పిల్లలు. తప్పు జరిగిందని మూడు వారాలకు అమెరికా రక్షణ శాఖ పెంటగాన్ ఒప్పుకుంది. సరిహద్దు కాపలా కథ ఇంకా దగ్గరిది. అక్రమంగా సరిహద్దు దాటేవాళ్లను పట్టుకోవడానికని అమెరికా సరిహద్దు శాఖ 2005 నుంచి ప్రెడేటర్లు నడుపుతోంది. 2020 మేలో, నల్లజాతీయుడు జార్జ్ ఫ్లాయిడ్ పోలీసుల చేతిలో చనిపోయాక నిరసనలు జరుగుతున్నప్పుడు, వాటిలో ఒకటి మినియాపొలిస్ నగరం మీద తిరిగింది. అది సరిహద్దు ఊరు కాదు.

మన చట్టం ఎక్కడుంది? గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు చెప్పింది. 2021 డ్రోన్ నిబంధనలు త్రివిధ దళాల డ్రోన్లకు వర్తించవు. 2023 వ్యక్తిగత డేటా చట్టంలోనైతే, దేశ భద్రత పేరుతో కేంద్రం ఏ ప్రభుత్వ సంస్థకైనా మినహాయింపు ఇవ్వొచ్చు. రక్షణ రహస్యాలు బయటపెట్టమని ఎవరూ అడగడం లేదు. ఒడ్డున తీసిన వీడియో ఎన్నాళ్లు ఉంచుతారు, పోలీసులకు ఇవ్వాలంటే ఎవరి అనుమతి కావాలి, ధర్నా మీద ఎగరకూడదన్న నియమం రాతలో పెడతారా? కొత్త డ్రోన్ల రాక 2029లో మొదలవుతుందంటున్నారు. ఈ మూడు ప్రశ్నలకూ పార్లమెంటు ఆలోపే జవాబు చెప్పాలి.