ఎత్తు పెంచే ఆపరేషన్: దెబ్బతిన్న కాలి వైద్యం మంచి కాలి దాకా వచ్చిన తీరు

2016 ఏప్రిల్‌లో హైదరాబాద్‌లోని ఒక కార్పొరేట్ ఆసుపత్రిలో ఓ యువ సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఎత్తు పెరగడం కోసం కాళ్లకు శస్త్రచికిత్స చేయించుకున్నాడు. ఇంట్లోవాళ్లకు ఆ సంగతి తెలియదు. కొడుకు కోసం వెతుక్కుంటూ వచ్చిన తల్లిదండ్రులకు అతడు ఆసుపత్రి మంచం మీద కనిపించడంతో పెద్ద దుమారమే రేగింది. రాష్ట్ర వైద్య మండలి విచారణ జరిపి, శస్త్రచికిత్స చేసిన వైద్యుడిని సస్పెండ్ చేస్తూ నిర్ణయం తీసుకుంది. అప్పటి చర్చ ఎక్కువగా తల్లిదండ్రులకు చెప్పాలా, వద్దా అన్న దగ్గరే తిరిగింది. నిజానికి మేజరైన వ్యక్తి తన శస్త్రచికిత్సకు తానే సమ్మతి ఇవ్వవచ్చు, అందులో చట్టపరమైన చిక్కు లేదు. చిక్కంతా ఆ సమ్మతికి ముందు అతడికి ఏం చెప్పారన్న దానిలో ఉంది. సమీరా కోహ్లీ కేసులో 2008లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం చికిత్స స్వభావం, ప్రత్యామ్నాయాలు, ముఖ్యమైన ప్రమాదాలతో పాటు, చికిత్స వద్దనుకుంటే కలిగే నష్టాన్ని కూడా రోగికి వివరించాలి. ఎత్తు కోసం వచ్చిన ఆరోగ్యవంతుడి విషయంలో ఈ చివరి అంశానికి వైద్యుడు చెప్పగల జవాబు ఒక్కటే: చికిత్స వద్దనుకుంటే శరీరానికి ఏ నష్టమూ ఉండదు.

ఎముకను కోసి పొడిగించే ఈ వైద్యం పుట్టినప్పుడు ఆ జవాబు వేరుగా ఉండేది. ఇటలీలోని బొలోన్యాలో అలెస్సాండ్రో కొడివిల్లా అనే వైద్యుడు 1905లో తొడ ఎముకను కోసి, బలంగా లాగి పొడిగించే పద్ధతిని ప్రచురించాడు. ఒక కాలు పొట్టిదై నడక చెడిన వారి కోసం చేసిన ప్రయత్నం అది. ఒక్కసారిగా లాగితే ఎముక కంటే ముందు నరాలూ రక్తనాళాలూ దెబ్బతింటాయని ఆ తర్వాతి దశాబ్దాలు నేర్పాయి. అసలు మలుపు 1950ల మొదట్లో సైబీరియాలోని కుర్గాన్‌లో వచ్చింది. యుద్ధంలోనూ కర్మాగారాల్లోనూ విరిగి అతుక్కోని ఎముకలతో వచ్చేవారికి గవ్రీల్ ఇలిజరోవ్ అనే వైద్యుడు ఉక్కు వలయాలు, సన్నని తీగలతో బయటి నుంచి బిగించే చట్రాన్ని తయారు చేశాడు. ఎముకను జాగ్రత్తగా కోసి, కొన్ని రోజులు ఆగి, ఆ తర్వాత రోజుకు ఒక మిల్లీమీటరు చొప్పున, అదీ పావు మిల్లీమీటరు వంతున నాలుగు విడతలుగా ఎడం చేస్తూ పోతే ఆ సందులో కొత్త ఎముక పుడుతుందని ఆయన కనుగొన్నాడు. మోటారుసైకిల్ ప్రమాదంలో కాలు నుజ్జయిన ఒలింపిక్ హైజంప్ విజేత వలేరీ బ్రుమెల్‌కు 1968లో చేసిన చికిత్సతో ఆయన పేరు సోవియట్ దేశమంతా మారుమోగింది. ఇటలీ పర్వతారోహకుడు కార్లో మౌరి 1980లో కుర్గాన్ వెళ్లి, ఏళ్ల నాటి కాలి గాయాన్ని నయం చేయించుకుని వచ్చాక పశ్చిమ దేశాల వైద్యులు కళ్లు తెరిచారు. మన దగ్గర కూడా పోలియోతో పొట్టిబడిన కాళ్లకూ, రోడ్డు ప్రమాదాల్లో విరిగి అతకని ఎముకలకూ ఈ చట్రం ఎంతో మేలు చేసింది.

రోజుకు ఒక మిల్లీమీటరు అన్న లెక్క అప్పటి నుంచి ఇప్పటి దాకా పెద్దగా మారలేదు, మారే వీలూ లేదు. ఆరు సెంటీమీటర్లు కావాలంటే సాగదీయడానికే రెండు నెలలు పడుతుంది, ఆ ఎముక గట్టిపడటానికి అంతకు రెట్టింపో, ఇంకా ఎక్కువో పడుతుంది. వేగం పెంచితే ఎముక అతకదు, తగ్గిస్తే అనుకున్న పొడవు రాకముందే అతుక్కుపోతుంది. పైగా ఎముక పెరిగినంత సులువుగా కండరాలు పెరగవు. పిక్క కండరం బిగిసి మడమ పైకి లేచిపోవడం, మోకాలు పట్టేయడం, నరం సాగి పాదం తిమ్మిరెక్కడం లేదా వాలిపోవడం ఇందువల్లే జరుగుతాయి. వీటిని ఆపడానికి నెలల తరబడి రోజూ ఫిజియోథెరపీ తప్పదు. ఎముకల వైద్యుడు డ్రోర్ పేలీ 1990లో ఈ ఇబ్బందులను మూడు రకాలుగా విడదీశాడు: ఆపరేషన్ లేకుండా సర్దుకునేవి, మరో ఆపరేషన్ అవసరమయ్యేవి, చికిత్స ముగిశాక కూడా మిగిలిపోయేవి. ఆసుపత్రికి వెళ్లేవారు ‘ప్రమాదం ఎంత శాతం’ అని అడగడం కంటే ఆ ప్రమాదం ఈ మూడింటిలో ఏ గడిలోకి వస్తుందో అడగడం మంచిది.

చట్రం స్థానంలో ఎముక లోపలే ఇమిడే రాడ్లు రావడంతో ఈ శస్త్రచికిత్స అందం కోసం వచ్చేవారికి చేరువైంది. బయటి అయస్కాంత యంత్రంతో సాగే ప్రెసైస్ రాడ్డుకు 2011లో అమెరికా అనుమతి లభించింది. చర్మంలో నెలల తరబడి గుచ్చుకుని ఉండే తీగలు లేవు కనుక వాటి చుట్టూ చీము పట్టే బాధ తప్పింది. అయితే తొడ ఎముక గుజ్జును తొలిచి రాడ్డు దించేటప్పుడు కొవ్వు తునకలు రక్తంలో కలిసి ఊపిరితిత్తులకు చేరే ప్రమాదం ఉంది. అరుదైనదే గానీ ప్రాణాంతకం, రెండు కాళ్లకూ ఒకేసారి చేస్తే మరీ ఆలోచించవలసినది. రాడ్డు తీయడానికి తర్వాత ఇంకో ఆపరేషన్ కావాలి. పూర్తి బరువు మోస్తూ నడవవచ్చంటూ 2018లో వచ్చిన స్ట్రైడ్ అనే ఉక్కు రాడ్డును, లోహం తుప్పు పట్టడం, చుట్టూ ఎముకలో మార్పులు కనిపించడంతో 2021లో వెనక్కి తీసుకున్నారు. పరికరం ఎంత మారినా నరానికీ కండరానికీ ఉన్న ఓపిక మారలేదన్న సంగతిని ప్రకటనలు చెప్పవు. చైనా మాత్రం ఎన్నో కాళ్లు చెడిన తర్వాత, 2006లో వైద్యపరమైన అవసరం లేని చోట ఈ శస్త్రచికిత్సను నిషేధించింది.

మన దేశంలో అలాంటి నిషేధం లేదు. ఖర్చు లక్షల్లో ఉంటుంది. అందం కోసం చేయించుకునే శస్త్రచికిత్సలు ఆరోగ్య బీమా సాధారణ మినహాయింపుల్లో ఉన్నాయి కనుక అదంతా సొంత డబ్బే. పెళ్లి సంబంధాల్లో ‘అబ్బాయి ఎత్తెంత’ అన్న ప్రశ్న కొందరిని ఈ ఆలోచన దాకా నడిపిస్తే, ఉద్యోగ నియమాలు మరికొందరిని నడిపిస్తాయి. తెలంగాణలో కానిస్టేబుల్ ఉద్యోగానికి పురుషులకు కనీస ఎత్తు 167.6 సెంటీమీటర్లు. రెండు మూడు సెంటీమీటర్ల తేడాతో ఆగిపోయినవారికి ఈ ఆశ కలగడం సహజమే. కానీ ఆ నియామకంలోనే 1600 మీటర్ల పరుగు ఉంది, విరిగిన అవయవాలను అనర్హతగా చూపే వైద్య నిబంధన కూడా ఉంది. కోసి పొడిగించిన కాలిని వైద్య పరీక్షలో ఎక్స్‌రే తీస్తే ఆ కోత గుర్తు కనిపించవచ్చు.