హోమీ భాభా పథకం, నల్లమల యురేనియం

నల్లమలలో యురేనియం మాట వచ్చినప్పుడల్లా సైన్సు ఒకవైపు, అడవి మరోవైపు నిలబడినట్టు వాదన నడుస్తుంది. వెనక్కి వెళ్లి చూస్తే విషయం అంత తేలికగా విడిపోదు. దేశ అణుశక్తి కార్యక్రమానికి రూపం ఇచ్చిన హోమీ భాభా సైద్ధాంతిక భౌతిక శాస్త్రవేత్త. ఎలక్ట్రాన్, దానికి ప్రతికణమైన పాజిట్రాన్ ఎదురుపడితే ఒకదాన్నొకటి ఎలా చెదరగొట్టుకుంటాయో 1935లో లెక్కకట్టారు. బొమ్మలు గీసేవారు. తోటలంటే ప్రాణం. నరకబోయే పెద్ద చెట్లను వేళ్లతో సహా తీయించి మరోచోట నాటించిన మనిషి. ఆయన పథకానికి కావలసిన ఖనిజాన్ని చివరికి నల్లమలలోని అమ్రాబాద్ పులుల అడవి కింద వెతకవలసి వచ్చింది.

1944 మార్చిలో, హిరోషిమా మీద బాంబు పడకముందే, పరిశోధన సంస్థ కోసం టాటా ట్రస్టుకు ఆయన లేఖ రాశారు. మరో రెండు దశాబ్దాల్లో అణువిద్యుత్తు వచ్చేనాటికి మన నిపుణులు మనకే ఉండాలన్నది అందులోని వాదన. 1948లో అణుశక్తి చట్టం వచ్చింది, ఆయన అధ్యక్షుడుగా కమిషన్ ఏర్పడింది. ఆ చట్టంలో అంత గోప్యత ఎందుకని రాజ్యాంగ సభలోనే కొందరు సభ్యులు నిలదీశారు. 1962 నాటి కొత్త చట్టంలోనూ గోప్యత పోలేదు. పల్లెల్లో తర్వాత పుట్టిన అనుమానాలకు సగం కారణం రేడియేషన్ కాదు, ఈ గోప్యతే అని నాకనిపిస్తుంది.

భాభా వేసిన బాట మూడు దశలది. మొదట సహజ యురేనియం, తర్వాత ప్లుటోనియం, చివరికి కేరళ, తమిళనాడు తీరాల ఇసుకలో పుష్కలంగా ఉన్న థోరియం. యురేనియం మొదటి మెట్టు మాత్రమే. మూడో మెట్టు ఇంకా అందలేదు కనుక మొదటి మెట్టు మీదే బరువంతా పడింది. 1967లో ఇప్పటి జార్ఖండ్‌లోని జాదుగూడలో, 2012లో కడప జిల్లా తుమ్మలపల్లెలో ఉత్పత్తి మొదలైంది. తుమ్మలపల్లె చుట్టుపక్కల రైతులు బోరు నీళ్లు పాడయ్యాయని ఫిర్యాదు చేశారు.

దక్షిణ తెలంగాణ వంతు రాళ్ల వల్ల వచ్చింది. దేవరకొండ నుంచి అమ్రాబాద్ వైపు సాగే గుట్టల్లో అడుగున పాత గ్రానైటు, పైన శ్రీశైలం క్వార్ట్జైటు ఉంటాయి. ఆ రెండూ కలిసే అతుకు వెంబడే లంబాపూర్, పెద్దగట్టు, చిత్రియాల్ నిక్షేపాలు దొరికాయి. టన్ను రాయి పగలగొడితే దక్కే యురేనియం సుమారు కిలో, అంతకన్నా తక్కువే. మిగిలిన పిండిరాయి అక్కడే గుట్టగా పడి ఉంటుంది. ముడిరాయిలోని రేడియోధార్మికతలో ఎక్కువ పాలు పోయేది ఆ వ్యర్థంలోకే. అందులోని రేడియం సగం తరగడానికే 1,600 ఏళ్లు కావాలి.

లంబాపూర్, పెద్దగట్టు గనులపై 2003లో బహిరంగ విచారణ జరిగితే తీవ్ర వ్యతిరేకత వచ్చింది. నాగార్జునసాగర్ జలాశయం పక్కనే ఉంది. హైదరాబాదు తాగే కృష్ణా నీళ్లు అక్కడివే. పైగా అది నల్లగొండ జిల్లా. రాతిలోని పదార్థం నీళ్లలోకి దిగితే ఏమవుతుందో మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ నీళ్లకు వంకరపోయిన కాళ్లను చూసినవారికి ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. ఫ్లోరైడ్ వేరు, యురేనియం వేరు, నిజమే. కానీ అధికారులు భద్రమే అని చెప్పినా జనం నమ్మకపోవడానికి ఆ అనుభవం చాలు.

2019 మే నెలలో కేంద్ర అటవీ సలహా కమిటీ అమ్రాబాద్‌లో 83 చదరపు కిలోమీటర్లలో అన్వేషణకు సూత్రప్రాయంగా సరే అంది. అన్వేషణ అంటే తవ్వకం కాదని సమర్థించినవారు అన్నారు. మాట వరసకు అది సరే. కానీ బోరు యంత్రం నడవాలంటే దారి కావాలి, దారి కోసం చెట్లు పోవాలి, లోతుగా దించిన రంధ్రం భూగర్భ జలాల పొరలను ఒకదానితో ఒకటి కలిపేయవచ్చు. అక్కడి చెంచు పెంటలు, అంటే చెంచుల చిన్న ఆవాసాలు, తేనె, గడ్డల మీద, వాగుల నీటి మీద బతికేవి. నిరసనలు హైదరాబాదు దాకా పాకాయి.

2019 సెప్టెంబరు 16న తెలంగాణ శాసనసభ నల్లమలలో యురేనియం తవ్వకాలను వ్యతిరేకిస్తూ ఏకగ్రీవంగా తీర్మానించింది. అయితే రాజ్యాంగం ఏడో షెడ్యూలు కేంద్ర జాబితాలో ఆరో అంశం అణుశక్తి, దాని ఉత్పత్తికి కావలసిన ఖనిజాలు. ఈ విషయంలో చట్టం చేసే అధికారం పార్లమెంటుదే. శాసనసభ తీర్మానానికి రాజకీయ బలం ఉంది కానీ చట్టబలం లేదు.