చుండ్రు: నూనె దొరక్కపోతే బతకలేని జీవి కథ

"ఎనిమిదేళ్లుగా చుండ్రు వదలడం లేదండీ. ఘాటైన షాంపూ వాడితే పది రోజులు తగ్గుతుంది, కానీ మాడు మండిపోతుంది. ఆపగానే మళ్లీ మొదలు. మెత్తగా పనిచేసే మందు ఏదైనా ఉంటే చెప్పండి" అని ఒక పాఠకురాలు రాశారు. ఆ ఉత్తరంలో రెండు మాటల దగ్గర ఆగిపోయాను. ఒకటి "ఆపగానే". రెండోది "మెత్తగా". మొదటిదానికి కారణం తెలిస్తే రెండోదానికి జవాబు దానంతట అదే దొరుకుతుంది. పైగా ఆ కారణం జీవశాస్త్రంలో నాకు చాలా ఇష్టమైన విషయం. అందుకే చిట్కాల కోసం తొందరపడకుండా కాసేపు ఒక ఈస్ట్ వెంట వెళ్దాం.

దాని పేరు మలసేజియా. 1874లో లూయీ షార్ల్ మలసే అనే ఫ్రెంచి శాస్త్రవేత్త చుండ్రు పొట్టును సూక్ష్మదర్శిని కింద పెట్టి, అందులో మొగ్గలు వేస్తున్న చిన్న చిన్న కణాలను చూశాడు. ముప్పై ఏళ్ల తర్వాత, 1904లో, రేమోఁ సబురో దీన్ని పిటిరోస్పోరమ్ అన్నాడు. గ్రీకు భాషలో పిటిరాన్ అంటే తవుడు. భుజాల మీద రాలే పొట్టును ఒక్కసారి చూసినవాళ్లెవరికైనా ఆ పేరు ఎందుకొచ్చిందో చెప్పనక్కర్లేదు.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, దీన్ని ప్రయోగశాలలో పెంచబోతే పెరిగేది కాదు. చక్కెర పెట్టినా, ప్రోటీన్లు పెట్టినా లాభం లేదు. చివరికి 1939లో రోడా బెనమ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త దీనికి కొవ్వు కావాలని తేల్చి చెప్పింది. ఈనాటికీ పరిశోధకులు దీన్ని పెంచాలంటే పోషక పదార్థం మీద కాస్త ఆలివ్ నూనె పోస్తారు. ఎందుకలా అన్నదానికి పూర్తి సమాధానం 2007లో మలసేజియా గ్లోబోసా అనే రకం జన్యుపటం చదివాక దొరికింది. దాని జన్యుపటం చాలా చిన్నది: సుమారు 90 లక్షల డీఎన్ఏ అక్షరాలు, 4,285 జన్యువులు. వాటిలో కొవ్వు ఆమ్లాలను తయారుచేసే ఎంజైమ్‌కి సంబంధించిన జన్యువు లేనే లేదు! మన శరీరంలోని కణాలు, మామూలు ఈస్ట్, చివరికి బ్యాక్టీరియా కూడా చేసుకోగల పనిని ఇది మరిచిపోయింది. ఆ ఎంజైమ్ పోయింది గానీ, బయటి కొవ్వును కోసుకు తినడానికి పనికొచ్చే లైపేజ్ ఎంజైములు మాత్రం బోలెడు ఉన్నాయి. తరతరాలుగా నూనె ఊరే చర్మం మీదే బతికిన జీవి, సొంతంగా కొవ్వు చేసుకోవడం మానేసిందన్నమాట.

ఈ ఒక్క విషయం తెలిశాక చుండ్రు గురించి మనం చూసేవన్నీ ఒకదానికొకటి అతుక్కుంటాయి. చుండ్రు చేతుల మీద ఎందుకు రాదు? అక్కడ నూనె గ్రంథులు తక్కువ. మాడు, కనుబొమలు, ముక్కు పక్కల, చెవుల వెనక ఎందుకొస్తుంది? అక్కడ ఎక్కువ. పుట్టిన కొద్ది వారాలకే పసిపిల్లల మాడు మీద జిడ్డు పొలుసులు ఎందుకు కడతాయి? తల్లి నుంచి వచ్చిన హార్మోన్ల ప్రభావంతో వాళ్ల నూనె గ్రంథులు కొంతకాలం చురుగ్గా ఉంటాయి. తర్వాత అవి నిద్రపోతాయి, యుక్తవయసులో మళ్లీ లేస్తాయి. చుండ్రు మొదలయ్యేది కూడా సరిగ్గా అప్పుడే. మగవాళ్లలో ఎక్కువ కనబడటం, యాభై దాటాక చాలామందిలో తగ్గడం, అన్నీ నూనెతో పాటే నడుస్తాయి.

ఇప్పుడు అసలు యంత్రాంగం. నూనె గ్రంథి వదిలే జిడ్డులో ఎక్కువ భాగం ట్రైగ్లిజరైడ్లు, అంటే మూడు కొవ్వు ఆమ్లాలు ఒక గ్లిసరాల్‌కి కట్టి ఉన్న ముడులు. మలసేజియా తన లైపేజ్‌ను బయటికి వదిలి ఆ ముడులు విప్పుతుంది. విడిపోయిన వాటిలో సంతృప్త కొవ్వు ఆమ్లాలను తాను తినేస్తుంది. అసంతృప్త వాటిని, ముఖ్యంగా ఓలియిక్ ఆమ్లాన్ని, మాడు మీదే వదిలేస్తుంది. మనకు తంటా తెచ్చేది ఈస్ట్ తినేది కాదు, తినగా మిగిల్చేది.

మిగిల్చినదాంతో ఏమవుతుందో చూడాలంటే ఒక చీపురుకట్టను ఊహించుకోండి. పుల్లలన్నీ తిన్నగా ఉంటే కట్ట బిగుతుగా ఉంటుంది, మధ్యలో సూది కూడా దూరదు. మన చర్మపు పై పొరలో చచ్చిన కణాలు ఇటుకల్లా పేర్చి ఉంటాయి. వాటి మధ్య సున్నంలా ఉండే కొవ్వులో సెరమైడ్లు, కొలెస్టరాల్, పొడవాటి కొవ్వు ఆమ్లాలు ఉంటాయి. ఆ ఆమ్లాల్లో చాలావాటికి 22 నుంచి 26 కార్బన్ల గొలుసు. అవి సంతృప్తమైనవి కాబట్టి తిన్నటి పుల్లలు. పక్కపక్కన ఒరుసుకుని కూర్చుంటాయి, నీటిని బయటికి పోనివ్వవు, రసాయనాలను లోపలికి రానివ్వవు. ఓలియిక్ ఆమ్లానికి 18 కార్బన్లు. సరిగ్గా మధ్యలో, తొమ్మిదో పదో కార్బన్ల నడుమ, ఒక జంట బంధం ఉంటుంది. అక్కడ గొలుసు మోచేయిలా వంగుతుంది. అలాంటి వంకర పుల్లలను నాలుగైదింటిని కట్టలోకి దూర్చండి. కట్ట లావవుతుంది, పుల్లల మధ్య సందులు పడతాయి, పట్టుకుని ఊపితే గలగలమంటుంది. చర్మంలోనూ జరిగేది ఇదే. మందును చర్మం గుండా లోపలికి పంపాల్సినప్పుడు ఫార్మసీ పరిశోధకులు కావాలనే ఓలియిక్ ఆమ్లం కలుపుతారు. తలుపు తీయడానికి వాళ్లు వాడే తాళంచెవినే ఈ ఈస్ట్ రాత్రింబగళ్లు మన మాడు మీద వదులుతోంది.

సందులు పడితే నీరు ఆరిపోతుంది, బయటివి లోపలికి దిగుతాయి, దురద పుడుతుంది. ఏదో దాడి జరిగిందనుకుని చర్మం కొత్త కణాలను హడావుడిగా తయారుచేస్తుంది. మామూలుగా ఒక కణం అడుగు నుంచి పైకి చేరి రాలిపోవడానికి సుమారు నెల పడుతుంది. దారిలో అది కేంద్రకాన్ని పోగొట్టుకుని, పల్చటి రేకులా మారి, ఒక్కొక్కటిగా రాలుతుంది. ఒక్క కణం కంటికి కనపడదు. హడావుడిగా వచ్చిన కణాలకు ఈ తయారీ పూర్తికాదు. కేంద్రకాలు ఇంకా లోపలే ఉంటాయి, పక్క కణంతో బంధం తెగదు, వందల కణాలు గుంపుగా ఊడిపడతాయి. మన భుజం మీద కనిపించే తెల్లటి పొలుసు ఆ గుంపే.

ఇందులో నాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించిన ప్రయోగం ఒకటుంది. చుండ్రు ఉన్నవాళ్ల మాడు మీద నుంచి ఈస్ట్‌ను తగ్గించేసి, తర్వాత ఓలియిక్ ఆమ్లం ఒక్కటే రాశారు. పొలుసులు వచ్చాయి. చుండ్రు ఎప్పుడూ రానివాళ్లకూ అదే రాశారు. ఏమీ కాలేదు. అంటే ఈస్ట్ అందరి తలల మీదా ఉంది, వంకర పుల్లలూ అందరికీ పడుతున్నాయి. కొందరి కట్ట వాటిని తట్టుకుంటుంది, కొందరిది వదులవుతుంది. "వాడి దువ్వెన వాడితే అంటుకుంది" అనే భయం ఇక్కడితో వదిలేయొచ్చు. పుట్టిన తొలిరోజుల నుంచీ మనతో ఉన్నది కొత్తగా అంటుకోదు. చుండ్రు ఉన్నవాళ్లు శుభ్రంగా ఉండరన్న మాట ఇంకా అన్యాయం. ఆ మాట అనిపించుకుని నల్ల చొక్కా వేసుకోవడం మానేసిన పిల్లలను క్లాసులో చూశాను. శిలీంధ్రాల పాఠం చెప్పేటప్పుడు రొట్టె మీది బూజుతో సరిపెట్టేస్తాం. పిల్లల తలల మీదే ఉన్న ఈ జీవి గురించి ఒక్క పేరా చెబితే ఎంత సిగ్గు తగ్గేదో!

"ఆపగానే" ఎందుకు తిరిగొస్తుందో ఇప్పుడు తెలుస్తోంది కదా. షాంపూ ఈస్ట్ సంఖ్యను తగ్గిస్తుంది, అంతే. వెంట్రుక కుదురు లోతుల్లో మిగిలినవి అక్కడి నూనె తింటూ మళ్లీ పెరుగుతాయి. మన నూనె గ్రంథులు ఆగవు, మన చర్మం స్వభావం మారదు. పూర్తిగా పోగొట్టాలని ఘాటు పెంచుకుంటూ పోతే, అసలే వదులైన కట్టను మనమే ఇంకా వదులు చేసినట్టు. చర్మం మంట ఎలా పుడుతుందో పరీక్షించడానికి పరిశోధకులు ఏరికోరి రాసే పదార్థం సోడియం లారిల్ సల్ఫేట్. చాలా షాంపూల్లో నురగకోసం ఉండేది అదే. మాడు మండేవాళ్లు సీసా వెనక చిన్న అక్షరాలు చదివి, లారిల్ బదులు లారెత్ అని ఉన్నదో, అసలు సల్ఫేట్ లేనిదో ఎంచుకోవడం మంచిది.

అందుకని "మెత్తగా" అంటే బలహీనమైన మందు అని కాదు. సరైన మందును తక్కువసార్లు, ఎక్కువసేపు ఉంచి, ఎక్కువ కాలం వాడటం. చాలామంది నురగ రాగానే కడిగేస్తారు. మందు మాడును తాకేది అర నిమిషం. మూడు నుంచి ఐదు నిమిషాలు ఉంచాలి, అదీ జుట్టు మీద కాదు, పాయలు తీసి మాడు మీద, గోళ్లతో కాకుండా వేళ్ల కొసలతో. కీటోకొనజోల్ 2 శాతం షాంపూ వారానికి రెండుసార్లు, నాలుగు వారాల దాకా, ఆ తర్వాత వారానికో రెండు వారాలకో ఒకసారి. ఇది ఈస్ట్ కణపొరకు కావలసిన ఎర్గోస్టెరాల్ తయారీని మధ్యలో ఆపుతుంది. మన కణపొరల్లో ఎర్గోస్టెరాల్ ఉండదు, కొలెస్టరాల్ ఉంటుంది.

చుండ్రు షాంపూల్లో వాడే మరో మందు జింక్ పైరిథియోన్ కథ ఇంకా బాగుంటుంది. దశాబ్దాలు వాడాక గానీ, 2011లో, అది ఈస్ట్‌ను ఎలా దెబ్బతీస్తుందో స్పష్టంగా తెలియలేదు. పేరులో జింక్ ఉన్నా, దెబ్బ కొట్టేది రాగి. పైరిథియోన్ అణువు చుట్టుపక్కల ఉన్న రాగి అయాన్లను మోసుకుని ఈస్ట్ కణంలోకి చేరవేస్తుంది. అక్కడ ఆ రాగి ఇనుము, గంధకం కలిసిన గుచ్ఛాలున్న ప్రోటీన్లను పాడుచేస్తుంది, దాంతో కణం శక్తి తయారీ కుంటుపడుతుంది. నీటిలో సరిగా కరగదు కాబట్టి కడిగేశాక కూడా దాని రేణువులు మాడు మీద కొన్ని మిగిలి పనిచేస్తుంటాయి. 2022 మార్చి నుంచి ఐరోపా సమాఖ్య దీన్ని సౌందర్య సాధనాల్లో నిషేధించింది. అక్కడి షాంపూల్లో పిరోక్టోన్ ఓలమైన్ లాంటివి వాడుతున్నారు.

మొక్కల నుంచి వచ్చేది కావాలంటే, సరైన పరీక్షకు నిలిచినది టీ ట్రీ నూనె (మన తేయాకు కాదు, ఒక ఆస్ట్రేలియా చెట్టు ఆకుల నుంచి తీసేది). 2002లో 126 మందిపై జరిగిన పరీక్షలో 5 శాతం టీ ట్రీ షాంపూ నాలుగు వారాలు వాడినవాళ్లలో చుండ్రు తీవ్రత 41 శాతం తగ్గింది. మందులేని షాంపూ వాడినవాళ్లలోనూ 11 శాతం తగ్గింది. ఆ 11 శాతాన్ని తీసిపారేయకండి. జిడ్డు కడగడం కూడా ఈస్ట్ కంచం తీసేయడమే. టీ ట్రీ నూనెను మాత్రం నేరుగా రాయకూడదు. గాలి తగిలి పాతబడితే అలర్జీ తెప్పించే పదార్థాలు అందులో పెరుగుతాయి.

ఇక తలకు రాసే నూనె. "చుండ్రంటే మాడు పొడిబారడం, నూనె రాస్తే పోతుంది" అనే నమ్మకం చాలా గట్టిది. రాసిన రోజు పొలుసులు అతుక్కుపోయి కనపడవు, అందుకే అలా అనిపిస్తుంది. మలసేజియా 11 నుంచి 24 కార్బన్ల కొవ్వు ఆమ్లాల మీద పెరుగుతుంది. గింజల నుంచి, కాయల నుంచి తీసే నూనెల్లో దాదాపు అన్నీ ఆ పరిధిలోవే. ఆలివ్ నూనెలో ఎక్కువ భాగం ఓలియిక్ ఆమ్లమే, ప్రయోగశాలలో ఈ ఈస్ట్‌కు పెట్టే మేతా అదే! పొలుసులు మందంగా కట్టినప్పుడు మెత్తబరచడానికి పెట్రోలియం నుంచి తీసే మినరల్ ఆయిల్ వాడొచ్చు. అది ఉత్త హైడ్రోకార్బన్ గొలుసు, లైపేజ్ కోయడానికి అందులో ముడే లేదు. అరగంట ఉంచి కడిగేస్తే చాలు. సాలిసిలిక్ ఆమ్లం ఉన్న షాంపూ కూడా కణాల మధ్య అతుకును వదులు చేస్తుంది. నిమ్మరసం జోలికి వెళ్లొద్దు. ఆ పులుపు పగిలిన మాడును మండిస్తుంది, ఆపై ఎండ తగిలితే బొబ్బలెక్కే ప్రమాదం ఉంది.

పొలుసులు వెండిరంగులో దళసరిగా ఉండి జుట్టు అంచు దాటి నుదుటి మీదకు వస్తే అది సొరియాసిస్ కావచ్చు. పిల్లల్లో గుండ్రంగా జుట్టు ఊడుతుంటే తామర కావచ్చు. వీటికి చర్మవైద్యులే చూడాలి. రెండు నెలలు పద్ధతిగా వాడినా తగ్గని చుండ్రుకూ అంతే.

ఉత్తరం రాసిన ఆమెకు నా సలహా: తలకు నూనె రాస్తుంటే ఆపండి. మాడుకు పడే మెత్తటి షాంపూ ఒకటి, మందు షాంపూ ఒకటి పెట్టుకోండి. మందుది వారానికి రెండుసార్లు, గడియారం చూసి ఐదు నిమిషాలు. మధ్యలో షాంపూ మార్చొద్దు. కొత్త చర్మం అడుగు నుంచి పైకి రావడానికి నెల పడుతుంది కాబట్టి నాలుగు వారాల ముందు ఫలితం లెక్కచూడొద్దు. తగ్గాక ఆపకండి, రెండు వారాలకోసారి అదే ఐదు నిమిషాలు కొనసాగించండి.