పెన్నిమన్ కెప్టెన్ ఇల్లు: ఎముకల గేటు వెనక చరిత్ర

అమెరికాలో మసాచుసెట్స్ తీరాన, కేప్ కాడ్‌లోని ఈస్ట్‌హామ్ ఊళ్ళో పసుపు రంగు చెక్క మేడ ఒకటుంది. దాని గేటుకు కమాను తిమింగలం దవడ ఎముకలే. ఇంటికన్నా ఆ ఎముకలను కాపాడటమే కష్టం.

ఇల్లు కట్టించిన ఎడ్వర్డ్ పెన్నిమన్ 1831లో పుట్టారు. 11 ఏళ్ళకే ఓడెక్కి, తర్వాత తిమింగలాల వేట ఓడలకు కెప్టెన్ అయ్యారు. దీపాలకూ యంత్రాలకూ తిమింగలం నూనె వాడిన కాలం అది. ఆ సంపాదనతోనే 1868లో ఈ మేడ లేచింది. భార్య బెట్సీ అగస్టా కూడా కొన్ని యాత్రల్లో ఓడ మీదే ఉన్నారు.

కప్పు మీద పడ్డ వాన నీరు అటకలోని తొట్టిలోకి చేరి, అక్కణ్ణుంచి దానంతటదే వంటింటికీ స్నానాల గదికీ దిగేది. మన మేడ మీది ట్యాంకు లెక్కే. కాకపోతే వెయ్యి లీటర్లంటే టన్ను బరువు, మోసేది చెక్క దూలాలు. చిన్న కారుడు పట్టినా కింది గదుల సీలింగు గచ్చు ఊడుతుంది.

ఇక గేటు సంగతి. ఎముక పైన గట్టిగా ఉన్నా లోపల స్పాంజిలా ఉంటుంది. ఏళ్ళు గడిచేకొద్దీ నూనె ఇంకిపోయి, ఆ ఖాళీల్లోకి వాన నీరు చేరుతుంది. చలికాలంలో అది గడ్డకట్టి ఉబ్బితే పగుళ్ళే. మట్టిని అంటుకున్న మొదలు ఎప్పుడూ తడిగానే ఉండి ముందు కుళ్ళుతుంది. నీరు పోకుండా పూత వేసి మూసేస్తే లోపలి తడి బయటికి రాక ఇంకా చెడుతుంది. పోనీ కొత్తది తెద్దామా అంటే, సముద్ర క్షీరదాల రక్షణకు 1972లో వచ్చిన చట్టం ఉంది. బజార్లో కొనుక్కొచ్చే వస్తువు కాదది.

1961లో ఈ ప్రాంతాన్ని కాపాడటానికి కేప్ కాడ్ జాతీయ తీరం అనే రక్షిత ప్రాంతం ఏర్పడింది. 1963లో కెప్టెన్ మనవరాలు ఇంటిని జాతీయ ఉద్యానాలు చూసే ప్రభుత్వ సంస్థ నేషనల్ పార్క్ సర్వీస్‌కు అమ్మారు. ఇంటితో పాటు చుట్టూ ఉన్న బయలూ ముఖ్యమే. కప్పు మీది గుమ్మటం గదిలోంచి కెప్టెన్ ఒక పక్క అట్లాంటిక్‌నూ మరో పక్క అఖాతాన్నీ చూసింది చెట్లు లేని పొలాల మీదుగానే. సాగు ఆగిన పొలంలో ముళ్ళ పొదలు, ఎర్ర సెడార్ మొక్కలు త్వరగా లేస్తాయి. సెడార్‌ను మొదలంటా నరికితే మళ్ళీ చిగురించదు. ముళ్ళ పొదలు మాత్రం వేళ్ళ నుంచి తిరిగి లేస్తాయి, వాటిని మళ్ళీ మళ్ళీ కోయాల్సిందే.