మిగిలిన కరెంటు ఎక్కడికి పోతుంది?

మధ్యాహ్నం మిగిలిపోయిన సోలార్ కరెంటు తీగల్లో నిల్వ ఉంటుందా అని ఒక పాఠకుడు అడిగారు. ఉండదు. ఏ క్షణం వాడేది ఆ క్షణమే పుట్టాలి. తేడా వస్తే అది జనరేటర్ల వేగంలో బయటపడుతుంది.

చేత్తో తిప్పే చెరకు రసం బండిని గమనించండి. పక్కనున్న పెద్ద ఇనప చక్రం అందానికి పెట్టింది కాదు. నాలుగు గడలు ఒకేసారి తోస్తే చక్రం ఆగిపోదు, తన ఊపులోంచి కొంత ఇచ్చి కాస్త నెమ్మదిస్తుంది. ఈలోగా బండతను భుజం బలం పెంచుతాడు. గడలు అయిపోగానే చక్రం జోరందుకుంటుంది, అతను చెయ్యి వదులు చేస్తాడు. కరెంటు కేంద్రాలనీ ఊళ్లనీ కలిపే తీగల వల, అంటే గ్రిడ్‌లో, ఆ చక్రం థర్మల్, జలవిద్యుత్ కేంద్రాల జనరేటర్లలో తిరిగే రోటర్లు. చక్రం వేగమే ఫ్రీక్వెన్సీ, భుజం పని చేసేది గవర్నర్ అనే వేగాన్ని సర్దే పరికరం. థర్మల్ జనరేటర్ సాధారణంగా నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంది, అంటే సెకనుకి 50, అదే 50 హెర్ట్జ్. పాఠ్యపుస్తకాలు ఈ 50ని రాతిమీద చెక్కినట్టు చెబుతాయి గానీ, అది ఇప్పుడు 49.97 ఉంటే కాసేపటికి 50.03. పిల్లలకి ఫ్రీక్వెన్సీ గ్రాఫులో ఆ ఊగే గీతను చూపిస్తే సగం పాఠం అయిపోయినట్టే.

సోలార్ ఫలకంలో తిరిగేదేమీ లేదు, దాని కరెంటును గ్రిడ్‌కి సరిపడేలా మార్చే ఇన్వర్టర్‌కి చక్రం లేదు. గాలిమర రెక్కలు తిరుగుతాయి కానీ, కొత్త రకాల్లో మధ్యన ఎలక్ట్రానిక్స్ ఉండటంతో ఆ ఊపు తనంతట తాను గ్రిడ్‌కి చేరదు. లెక్క వేద్దాం. తిరిగే యంత్రాల సామర్థ్యం 1,50,000 మెగావాట్లు, జడత్వ స్థిరాంకం 4 సెకన్లు అనుకోండి. అంటే రోటర్ల ఊపులో 4 సెకన్ల పూర్తి ఉత్పత్తికి సరిపడా శక్తి ఉంది. హఠాత్తుగా 3,000 మెగావాట్లు పోతే ఫ్రీక్వెన్సీ మొదట సెకనుకి 0.125 హెర్ట్జ్ చొప్పున పడుతుంది. సగం యంత్రాల స్థానంలో సోలార్ వస్తే 0.25. చక్రం తేలికైతే బండతనికి సర్దుకునే వ్యవధి సగమవుతుంది. బ్యాటరీలు గవర్నర్ల కంటే చురుగ్గా స్పందిస్తాయి, వాటి ఇన్వర్టర్లకి చక్రంలా నడుచుకోవడం నేర్పుతున్నారు కూడా.

సాయంత్రం పొద్దు వాలడం వేరే సంగతి. అది ముందే తెలుసు కాబట్టి ఏర్పాట్లు చేసుకోవచ్చు. ముందే తెలిస్తే ఎంత చేయొచ్చో చూడండి: కరోనా రోజుల్లో, 2020 ఏప్రిల్ 5 రాత్రి 9 గంటలకి దేశమంతా లైట్లు ఆర్పి దీపాలు వెలిగించినప్పుడు డిమాండ్ దాదాపు 31,000 మెగావాట్లు పడిపోయింది. దీపాల వేడికి వైరస్ చస్తుందనీ, 9 అంకెకి మహిమ ఉందనీ వాట్సాప్ ఊగిపోయింది. మహిమంతా జలవిద్యుత్‌ది. ముందే థర్మల్ తగ్గించి జలవిద్యుత్ పెంచిపెట్టుకున్నారు, లైట్లు ఆరుతుంటే ఒక్క జలవిద్యుత్‌లోనే సుమారు 17,500 మెగావాట్లు దించేశారు. ఫ్రీక్వెన్సీ 49.70, 50.26 హెర్ట్జ్‌ల మధ్యే ఉండిపోయింది.

శ్రీశైలం ఎడమగట్టున 150 మెగావాట్ల రివర్సిబుల్ యూనిట్లు, అంటే కరెంటు తీయడమే కాక తిరగేసి నీళ్లు తోడగలిగే యంత్రాలు, ఆరున్నాయి. కింద నీళ్లుంటే, మిగులు కరెంటుతో వాటిని మళ్లీ పైకి తోడొచ్చు. తోడేటప్పుడు కూడా ఆ భారీ రోటర్ గ్రిడ్‌తో ఒకే తాళంలో తిరుగుతుంది. కాబట్టి మధ్యాహ్నం సోలార్ మిగులును మింగుతూనే, సోలార్‌కి లేని చక్రం బరువునీ గ్రిడ్‌కి అందిస్తుంది.