ఆసుపత్రి మంచం దగ్గర అష్టాచమ్మా

కోనసీమ పల్లెల్లో డెబ్బై దాటిన పెద్దవారిలో చాలామందికి అష్టాచమ్మా గవ్వలు, వామనగుంటల చింతపిక్కలు చేతికి అలవాటైనవే. అటువంటి మనిషి న్యుమోనియాతోనో తుంటి విరిగో కాకినాడలోనో రాజమహేంద్రవరంలోనో ఆసుపత్రిలో చేరితే, ఫ్యానును చూస్తూ పడుకోవడం తప్ప మరో పని ఉండదు. వృద్ధులకు ఈ విశ్రాంతి మితిమీరితే అదే మరో జబ్బవుతుంది. ఆరోగ్యంగా ఉన్న వృద్ధులనే 10 రోజులపాటు మంచంపై ఉంచి చూసిన ఒక అమెరికా అధ్యయనంలో (2007) వారి కాళ్లలో కండ దాదాపు ఒక కిలో తరిగిపోయింది.

మనసుకు జరిగే నష్టం ఇంకా వేగంగా కనిపిస్తుంది. ఉన్నట్టుండి ఇది ఏ ఊరని అడగడం, చనిపోయినవారిని పిలవడం, సెలైన్ గొట్టం పీకేయడం మొదలైతే ఇంట్లోవారు సంధి అనో చాదస్తం అనో అనుకుంటారు. వైద్యులు దీన్ని డెలీరియం అంటారు. ఏళ్ల తరబడి మెల్లగా ముదిరే మతిమరుపు వేరు, గంటల్లో, రోజుల్లో వచ్చిపడే ఈ అయోమయం వేరు.

యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన షారన్ ఇనోయ్ బృందం 70 ఏళ్లు దాటిన 852 మంది రోగులపై జరిపి 1999లో ప్రచురించిన పరిశోధనలో, మామూలు వైద్యం పొందినవారిలో 15 శాతం మందికి డెలీరియం రాగా, ప్రత్యేక శ్రద్ధ పొందినవారిలో అది 9.9 శాతమే. కళ్లజోడు, వినికిడి పరికరం అందుబాటులో ఉంచడం, నీళ్లు తాగించడం, నిద్ర చెడకుండా చూడటం, త్వరగా నడిపించడంతోపాటు, రోజుకు మూడుసార్లు కబుర్లు, పాత జ్ఞాపకాలు, పదాల ఆటలు ఆ శ్రద్ధలో భాగం. కాబట్టి ఘనతంతా ఆటలదే అనలేము. పైగా ఒకసారి డెలీరియం వచ్చాక దాని తీవ్రత ఈ శ్రద్ధవల్ల చెప్పుకోదగినంతగా తగ్గలేదు. అందుకే చేరిన మొదటి రోజే మొదలుపెట్టాలి.

అట్టముక్కపై గళ్లు గీసి మనుమరాలు గవ్వలు వేస్తే, తాతగారు లేచి కూర్చోవాలి, కళ్లజోడు పెట్టుకోవాలి, వంతు గుర్తుంచుకోవాలి. నాలుగు గవ్వలూ వెల్లకిలా పడితే చమ్మ, బోర్లా పడితే అష్ట అని లెక్క చూసుకోవాలి. ఆట మధ్యలో 1986 గోదావరి వరదో 1996 తుపానో తప్పక మాటల్లోకి వస్తుంది. ఫోనులో ఒంటరిగా ఆడే ఆటకన్నా ఇదే మేలని నా అభిప్రాయం, ఎందుకంటే ఎదుట ఒక మనిషి ఉంటాడు.

లేపి కూర్చోబెట్టే ముందు సిస్టరును అడగాలి, చేతులు కడుక్కోవాలి, ఒకరి చింతపిక్కలు మరొకరికి ఇవ్వకూడదు. నిన్న చకచకా లెక్కపెట్టిన మనిషి ఈరోజు నాలుగు గవ్వలు లెక్కించడానికి తడబడితే, ఓడిపోయారని నవ్వకుండా వెంటనే డాక్టరుకు చెప్పాలి.