ఎర్రనీరు ఎక్కడ ఆగుతుంది

వానాకాలం మొదలవగానే గోదావరి ఒడ్డు ఊళ్లలో వినపడే మొదటి కబురు, 'ఎర్రనీరు వచ్చింది' అని. కుళాయిలు లేని రోజుల్లో ఆ నీళ్లే తాగేవాళ్లు. మా అమ్మమ్మ కుండ లోపలి గోడకి ఇండుపగింజని నాలుగు చుట్లు అరగదీసి మూత పెట్టేసేది. తెల్లారేసరికి పైన తేటనీళ్లు, అడుగున మీగడలా మెత్తటి ఒండ్రు. చేత్తో తీసి పెరట్లో పారబోసేవాళ్లం. పారబోసిందేమిటో అప్పుడు తెలీదు. కోనసీమ అంతా అలా అడుగున పేరుకున్నదే.

నాశిక్ దగ్గర త్ర్యంబకేశ్వరంలో పుట్టి 1,465 కిలోమీటర్లు నడిచే ఈ నది, దారిలో మహారాష్ట్ర నల్లరాయిని అరగదీసుకుంటూ, ప్రాణహిత, ఇంద్రావతి, శబరి తెచ్చిన మట్టిని కలుపుకుంటూ వస్తుంది. ఎంత మోయగలదన్నది వేగాన్ని బట్టి ఉంటుంది. ఆ లెక్క మామూలుగా ఉండదు. ప్రవాహ వేగం రెట్టింపయితే, నీరు దొర్లించగలిగే రాయి బరువు రెట్టింపు కాదు, దాదాపు 64 రెట్లవుతుంది. అందుకే నది ఏడాది పొడవునా చేసే పని ఒకెత్తు, నాలుగు వరద రోజుల్లో చేసేది ఒకెత్తు. వేసవిలో ఇసుకలో నడిచి సన్నటి పాయల్ని చూసి 'పాపం, ఎండిపోయింది' అనుకుంటాం. భద్రాచలంలో 53 అడుగులకే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. 1986 ఆగస్టులో అక్కడ నీటిమట్టం 75.6 అడుగులకు చేరింది. నేలని మార్చేది అలాంటి రోజులే.

పాపికొండల్లో లాంచీ ఎక్కినవాళ్లకి ఒక అనుమానం రావాలి. ఇంత నది ఇంత ఇరుకులో ఎలా పట్టిందని. పక్కకి చోటు లేనప్పుడు లోతుకి దిగింది, అంతే. పోలవరం దాటాక కొండలు తప్పుకుంటాయి. రాజమండ్రి వంతెన దగ్గరికొచ్చేసరికి నది వెడల్పు మూడు కిలోమీటర్లకు కాస్త తక్కువ. వెడల్పైతే లోతు తగ్గుతుంది, లోతు తగ్గితే వేగం తగ్గుతుంది, వేగం తగ్గితే బరువు దించక తప్పదు. ముందు ముతక ఇసుక, తర్వాత సన్న ఇసుక దిగుతాయి. ఒండ్రు మాత్రం ఇంకా తేలుతూనే పోతుంది.

ఇసుక మేట వేసిన చోట రెల్లు మొలుస్తుంది. మరుసటి ఏడు వరద వచ్చినప్పుడు ఆ రెల్లు దుబ్బుల మధ్య నీటి జోరు తగ్గి, అంతవరకు ఆగని ఒండ్రు కూడా అక్కడే దిగుతుంది. ఏటికేడు దిబ్బ ఎత్తు పెరుగుతుంది. ఒకరోజు ఎవరో కూరపాదులు పెడతారు, ఆనక పొగాకు, ఆనక పాక. అదే లంక. బొబ్బర్లంక లాంటి ఊరి పేర్లలో ఆ సంగతి ఇంకా వినిపిస్తుంది.

అయితే ఇచ్చిన చేత్తోనే తీసుకోవడం కూడా నదికి అలవాటు. లంక రైతులు 'కోత' అనేది దాన్నే. ఇది ఎలా జరుగుతుందో వంటింట్లో చూడొచ్చు. వడకట్టని టీ గ్లాసులో చెంచాతో గిరగిరా తిప్పి వదిలేయండి. టీ పొడి అంచులకు పోతుందనుకుంటాం, కానీ అడుగున మధ్యలో కుప్పపడుతుంది. అడుగునున్న నీరు గ్లాసుకి రాసుకుని నెమ్మదించి, మధ్యలోకి జారుతూ పొడిని లాక్కుపోతుంది. నదుల వంపులకు మూలం ఇదే సూత్రమని 1926లో వివరించినాయన ఐన్‌స్టీన్. అవును, ఆ ఐన్‌స్టీనే. నది మలుపు తిరిగినప్పుడు పైనున్న వేగమైన నీరు బయటి ఒడ్డుని కొట్టి కోస్తుంది, అడుగునున్న మందనీరు ఇసుకని లోపలి ఒడ్డుకి చేరుస్తుంది. ఒకరి కొబ్బరితోట ఏట్లో కలుస్తుంటే, లోపలి ఒడ్డున మరొకరి గట్టు ముందు కొత్త తిన్నె లేస్తుంటుంది. పట్టా కాగితంలో హద్దులు మాత్రం పాతవే.

ధవళేశ్వరం దిగువన గోదావరి పాయలవుతుంది. తన మేటే తనకి అడ్డం పడుతుంటే పక్కదారి వెతుక్కోవడం డెల్టా నదులన్నీ చేసే పనే. 1852కి కాటన్ ఆనకట్ట పూర్తయి, ఈ ఒండ్రు నేలకి కాలువ నీళ్లు తోడయ్యాయి. అటు కృష్ణ, ఇటు గోదావరి తమ తమ డెల్టాలని సముద్రంలోకి జరుపుకుంటూ ఎత్తు పెంచుకుంటుంటే, రెండిటి మధ్య పల్లంగా మిగిలిపోయినదే కొల్లేరు.

ఇక అన్నిటికన్నా సన్నటి మట్టి. దాని రేణువులన్నిటికీ ఒకే రకం విద్యుదావేశం, రుణావేశం, ఉంటుంది కాబట్టి ఒకదాన్నొకటి నెట్టుకుంటూ రోజుల తరబడి తేలుతుంటాయి. ఇండుపగింజలోని పదార్థం వాటిని గుత్తులుగా కలిపి బరువెక్కిస్తుంది. నది సముద్రంలో కలిసే మొగ దగ్గర ఆ పని సముద్రపు ఉప్పు చేస్తుంది. ఉప్పునీరు తగలగానే రేణువుల మధ్య వికర్షణ సడలి, ముద్దలు కట్టి దిగిపోతాయి. కోరంగి మడ అడవులు వేళ్లూనుకున్నది ఆ బురదలోనే. ఇసుకని మాత్రం అలలు తీరం వెంట ఉత్తరానికి తోసుకెళ్లి, సుమారు రెండు వందల ఏళ్లలో కాకినాడ ముందు హోప్ ఐలాండ్‌ని కట్టాయి. ఇప్పుడు ఓడరేవుకి అలల నుంచి కాపలా అదే.

కానీ ఎర్రనీరంతా ఇప్పుడు అంత దూరం రావడం లేదు. కదలని నీరు ఎక్కడ దొరికితే అక్కడే మట్టి దిగుతుంది. జలాశయమంటే మా అమ్మమ్మ కుండే, కాస్త పెద్దది. శ్రీరాంసాగర్‌ని 112 టీఎంసీలకు కట్టారు. ఇప్పుడు పట్టేది సుమారు 80. మిగతా చోటంతా పూడిక. కింద డెల్టా అంచున అలలు ఎప్పట్లాగే మట్టిని తీసుకుపోతున్నాయి. పైనుంచి ఆ లోటు పూడ్చే మట్టి తగ్గేసరికి చాలాచోట్ల సముద్రం లోపలికి జరుగుతోంది.